దంపతులు కలిసి తెలిసికొనుట మేలు

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 5:1–11, 18:1–3, 24–26, మత్తయి 1:18–25, మార్కు 1:40–45.



ఈ నెల పాఠముగా మేము ఎంచుకొనిన సంగతి మందిరములో బాహాటముగా పలుకుటకు మనమందరము సంకోచించునట్టిది. హెచ్.ఐ.వి. అను మాట మన పల్లెలలో ఎవరును నోటితో అనరు. "ఆ జబ్బు" అని గొంతు తగ్గించి చెప్పుదురు. మనము పేరు పెట్టి పిలువకపోయినంత మాత్రమున అది మన ఇండ్లలోనికి రాక మానదు. మన నోరు మూతపడియున్నంతకాలము అది చీకటిలో తన పని తాను చేసికొనుచునే యుండును. కావున ఈ పాఠమును పెండ్లియైనవారు ఇద్దరును ప్రక్క ప్రక్కన కూర్చుండి చదువవలెనని మా మనవి. చదువు రాని ఇంట పిల్లలచేత గాక, సంఘపు పెద్దచేతనో బైబిలు స్త్రీచేతనో చదివించుకొనవచ్చును.

1. రెండు జంటలు

అపొస్తలుల కార్యములలో రెండు జంటల చరిత్ర కనబడుచున్నది. అయిదవ అధ్యాయములో అననీయ, సప్పీరా. పదునెనిమిదవ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల. ఈ రెండు జంటలలోను భార్యాభర్తలు ఏకముగానే యుండిరి. అయితే మొదటి ఇద్దరు ఒక సంగతిని దాచుటకు ఏకమైరి. రెండవ ఇద్దరు పని చేయుటకును, అతిథిని చేర్చుకొనుటకును, సత్యమును నేర్పుటకును ఏకమైరి. ఏకమనస్సు మంచిదే గాని దేనికొరకు ఏకమైతిమో అది చూచుకొనవలెను.

అకుల ప్రిస్కిల్లల పేర్లు క్రొత్త నిబంధనలో ఆరు చోట్ల వచ్చుచున్నవి. ఆరింటను ఇద్దరి పేర్లు కలిసియే యున్నవి. ఒకరి పేరు విడిగా ఎక్కడను లేదు. డేరాలు కుట్టుటలో ఇద్దరు, ప్రయాణములో ఇద్దరు, పౌలు నిమిత్తము ప్రాణమునకు తెగించుటలోను ఇద్దరు. అపొల్లో అను వాక్చాతుర్యము గల బోధకునికి కొంత కొరత యున్నదని కనుగొనినప్పుడు వారు అతనిని నలుగురిలో సిగ్గుపరచలేదు. చేర్చుకొని, విడిగా, మరింత పూర్తిగా వివరించిరి. నిజమును తెలిసికొనుట, తెలియజేయుట ఎట్లో ఈ జంటయొద్ద మనము నేర్చుకొనవలెను: కలిసి, గుట్టుగా, ప్రేమతో.

అననీయ సప్పీరాల కథను మేము ఎవరిని భయపెట్టుటకును ఇక్కడ ఎత్తలేదు. జబ్బు వచ్చినవారు దేవుని శిక్షకు గురియైనవారని మేము చెప్పము, నమ్మము. దాచుట ఇద్దరినీ కూల్చునని మాత్రమే ఆ కథనుండి మనము గ్రహింపవలసినది.

2. మేము మౌనముగా ఉండిన దినము

మేము సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో జరిగిన సంగతి ఒకటి చెప్పెదము. ఊరి పేరు వ్రాయము. ఆ సహోదరి అనుమతితోనే దీనిని వ్రాయుచున్నాము.

ఆమె భర్త పెద్ద రహదారి మీద లారీ నడుపువాడు. ఆమె గర్భవతియై ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లగా అందరు గర్భిణీ స్త్రీలకు చేసినట్లే ఆమెకును రక్తపరీక్ష చేసిరి. జబ్బు ఉన్నదని తేలినది. ఆమె ఏడ్చుచు ఇంటికి వచ్చి భర్తతో చెప్పినది. అతడు ఔననలేదు, కాదనలేదు, పరీక్షకును పోలేదు. అత్తగారు మాత్రము, "నీ పుట్టింటినుండి తెచ్చితివి" అనినది. నెల తిరుగకమునుపే ఆమెను పుట్టింటికి పంపివేసిరి. మేము ఆ ఇంటికి వెళ్లితిమి, ప్రార్థించితిమి, టీ త్రాగి వచ్చితిమి. ఆమె పక్షమున ఒక్క మాట పలుకలేదు. "అయ్యా, నీవు కూడ పరీక్ష చేయించుకో" అని ఆ సహోదరునితో అనుటకు మాకు నోరు రాలేదు.

అతడు రెండు సంవత్సరములలో చనిపోయెను. ఇంటివారు టి.బి. అని చెప్పిరి. అతడు ఒక్క మాత్రయైనను వాడలేదు. ఆమె మాత్రము నాటినుండి నేటివరకు మందులు వాడుచు నాట్లకు, కలుపులకు పోవుచు బ్రదుకుచున్నది. పుట్టిన బిడ్డకు జబ్బు సోకలేదు. ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. పరీక్ష చేయించుకొనిన ఆమె నింద మోసి బ్రదికినది. చేయించుకొనని అతడు పేరు కాపాడుకొని ప్రాణము పోగొట్టుకొనెను. ఆ దినమున ఇద్దరును కలిసి వెళ్లియుండినయెడల నింద ఒక్కతె నెత్తిన పడకపోవును; అతడును నేడు మన మధ్య ఉండవచ్చును. ఈ భారము మామీద ఉన్నది గనుకనే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

3. మన ప్రాంతపు సంగతి

మన దేశములో ఈ జబ్బు మొదట 1986లో చెన్నపట్నమున బయటపడినది. 2005–06లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్లవారిలో నూటికి 0.97 మందికి, అనగా దాదాపు నూటికొకరికి, ఈ జబ్బు ఉన్నట్లు తేలినది. దేశమంతటను అది నూటికి 0.28 మాత్రమే. ఇప్పుడు చాలా తగ్గినది. అయినను 2021 లెక్కల ప్రకారము తెలంగాణలో నూటికి 0.47గా అంచనా వేసిరి. దేశపు సగటు 0.21. అనగా దేశములో వెయ్యిమందికి ఇద్దరైతే మనయొద్ద దాదాపు అయిదుగురు. గనుక ఇది మనకు దూరపు వార్త కాదు.

మన హుజూర్‌నగర్ చుట్టుప్రక్కల చూడుడి. సాగర్ ఎడమ కాలువ క్రింద వరి, ఊరూర రైసు మిల్లులు, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కోదాడ మీదుగా హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి. లారీల మీద, ఫ్యాక్టరీలలో, మిల్లులలో మన పురుషులు నెలల తరబడి ఇంటికి దూరముగా ఉందురు. పాలమూరు వైపు సహోదరులు బొంబాయి, పూణె వరకు కూలికి పోవుదురు. దూరముగా ఉన్న ప్రతివాడును తప్పిపోయెనని మేము అనుట లేదు. భార్యను నమ్మకముగా ప్రేమించువారే ఎక్కువ. అయితే ఈ జబ్బు ముఖము చూచి రాదు. పెండ్లికి ముందటి దినములనుండియు రావచ్చును. శుద్ధి చేయని సూదివలనను రావచ్చును. తల్లినుండి బిడ్డకును రావచ్చును. సోకిన తరువాత ఎనిమిది పది సంవత్సరములు ఏ బాధయు లేకుండ మనిషి పొలములో బలముగా పని చేయవచ్చును. బలముగా ఉన్నాను గనుక నాకు లేదు అనుట బుద్ధి గల మాట కాదు.

4. తెలిసికొనినందువలన లాభమేమి?

"తెలిసి ఏమి చేయుదుము? చచ్చువరకు దిగులే గదా" అని కొందరు అందురు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజముండెను. ఇప్పుడు లేదు.

2004 ఏప్రిల్ 1 నుండి మన దేశములో ప్రభుత్వము ఈ జబ్బుకు మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. 2017 నుండి, జబ్బు ముదిరినదా లేదా అని చూడక, ఉన్నదని తేలిన ప్రతివారికిని వెంటనే మందు ప్రారంభించుచున్నారు. ఈ మందు జబ్బును వేరుతో తీసివేయదు; అణచిపెట్టును. బి.పి., షుగరు మందులవలె దినదినము తప్పక మ్రింగవలెను. అట్లు మ్రింగినవారు పని చేసికొందురు, పిల్లలను పెంచుదురు, ముసలితనము చూతురు.

దంపతులకు ముఖ్యమైన మాట మరియొకటి. 2011లో వెల్లడియైన ఒక గొప్ప పరిశోధన తొమ్మిది దేశములలో 1,763 జంటలతో జరిగినది. మన చెన్నపట్నము, పూణె కూడ అందులో ఉన్నవి. ఆ జంటలలో ఒకరికి జబ్బు ఉన్నది, రెండవవారికి లేదు. జబ్బు ఉన్నవారు వెంటనే మందులు ప్రారంభించిన జంటలలో రెండవవారికి సోకుట నూటికి 96 వంతులు తగ్గినది. మందులవలన రక్తములో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినయెడల, కాపురమువలన జీవిత భాగస్వామికి అది సోకదని వైద్యులు ఇప్పుడు నిశ్చయముగా చెప్పుచున్నారు. గర్భిణీ తల్లి సంగతియు అట్టిదే. చికిత్స లేనియెడల నూరుమంది బిడ్డలలో 15 నుండి 45 మందికి సోకవచ్చును. తల్లీబిడ్డలకు చికిత్స సరిగా జరిగినయెడల అది 5 కంటె తక్కువకు దిగును.

సహోదరీ సహోదరులారా, తెలిసికొనుటవలన కాపురము చెడదు. తెలియక దాచుటవలననే చెడును.

5. ఇంటిలో చేసికొను పరీక్ష

పురుషులు ఆసుపత్రి గుమ్మము త్రొక్కుటకు సిగ్గుపడుదురు. "ఆ గది ముందు కూర్చుంటే ఎవరైనా చూతురు" అని వెనుకకు పోవుదురు. ఈ సిగ్గును ఎరిగియే, ఎవరికివారు పరీక్షించుకొను కిట్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసినది. కెన్యా దేశమందలి కిసుము పట్టణములో జరిగిన పనిని చూడుడి. ఆసుపత్రికి వచ్చిన 600 మంది గర్భిణులను, బాలింతలను రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారికి, భర్తను ఆసుపత్రికి రమ్మని పిలుచు చీటీ ఇచ్చిరి. రెండవ భాగమువారికి, ఇంటికి తీసికొనిపోవుటకు కిట్లు ఇచ్చిరి. మూడు నెలలలో చీటీ ఇచ్చిన ఇండ్లలో నూటికి 52 మంది పురుషులు పరీక్షించుకొనగా, కిట్లు ఇచ్చిన ఇండ్లలో నూటికి 91 మంది పరీక్షించుకొనిరి. దంపతులు కలిసి పరీక్షించుకొనుట రెండింతలు దాటినది. 2016లో ఈ ఫలితములు అచ్చైనవి. రమ్మని పిలిచిన చీటీకంటె, ఇంటికి వచ్చిన పరీక్షయే పురుషుని సిగ్గును గెలిచినది.

ఈ కిట్లు రెండు విధములు. ఒకటి వ్రేలిని పొడిచి ఒక చుక్క రక్తముతో చూచునది. రెండవది చిగుళ్ల తడితో చూచునది. చిగుళ్ల తడితో చూచినంత మాత్రమున ఎంగిలివలన జబ్బు సోకునని ఎవరును అపార్థము చేసికొనరాదు, సోకదు. ఆ తడిలో ఉండునది జబ్బుకు ఎదురుగా మన శరీరము పుట్టించు ప్రతిరక్షకములు మాత్రమే. చిగుళ్ల కిట్టు వాడుటకు ముందు కనీసము పావుగంట ఏమియు తినరాదు, త్రాగరాదు. పై చిగురును ఒకసారి, క్రింది చిగురును ఒకసారి కర్రతో తుడిచి, ఇచ్చిన సీసాలో నిలిపి, కాగితముమీద వ్రాసిన సమయమువరకు వేచియుండవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క కిట్టు. ఒకే కిట్టును ఇద్దరు వాడరాదు.

ఫలితమును ఇట్లు చదువవలెను. సి అను అక్షరమునొద్ద ఒక్క గీత మాత్రమే యున్నచో జబ్బు గుర్తు కనబడలేదు. సి యొద్ద, టి యొద్ద రెండు గీతలున్నచో, రెండవది ఎంత పలుచగా ఉన్నను, అనుమానమున్నది. సి యొద్ద గీతయే రానిచో ఆ కిట్టు చెడినది, ఫలితము లేనట్లే.

రెండు గీతలు వచ్చుట తుది తీర్పు కాదు. జబ్బు లేనివారికిని అప్పుడప్పుడు రావచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో ఐ.సి.టి.సి. అను సలహా, పరీక్షా కేంద్రములున్నవి. అక్కడ రక్తమును వేర్వేరు విధములుగా పరీక్షించిన తరువాతనే నిర్ణయింతురు. ఒక్క గీత వచ్చినను, గడచిన మూడు నెలలలో సోకియుండు అవకాశమున్నచో, మూడు నెలల తరువాత మరల చూచుకొనవలెను. ఇదివరకే ఈ జబ్బుకు మందు వాడుచున్నవారు కిట్టును నమ్మరాదు. వారికి తప్పు ఫలితము రావచ్చును.

మన దేశములోను 2021–22లో కొన్ని రాష్ట్రములలో ఈ కిట్లను వాడి చూచిరి. మనవారు ఎవరైన కిట్టు కోరినయెడల, ఎవరో అమ్మునది కొనక, ఐ.సి.టి.సి. కేంద్రములోనైనను, 1097 అను ఉచిత ఫోను నంబరుననైనను అడిగి, ప్రభుత్వ అనుమతి గలదానినే తీసికొనవలెను. కిట్టు చేతికి రాలేదని ఆగనక్కరలేదు. కేంద్రములో పరీక్ష ఉచితము. ఇద్దరును కలిసి పోయి అడుగవచ్చును.

6. గీత చూచుటకు ముందు చేసికొనవలసిన మూడు ఒప్పందములు

మొదటిది: గీత ఏదైనను నిందించుకొనము. ఏదెను తోటలో దేవుడు అడిగినప్పుడు ఆదాము భార్యవైపు వ్రేలు చూపెను. ఆమె సర్పమువైపు చూపినది. నింద ఎవరిని స్వస్థపరచలేదు. ఈ కిట్టు జబ్బు ఉన్నదా అని మాత్రమే చెప్పును. ఎవరినుండి వచ్చెనో, ఎప్పుడు వచ్చెనో చెప్పదు. ముందుగా పరీక్షించుకొనిన భార్యయే జబ్బు తెచ్చినదనుట, దీపము పట్టుకొని వచ్చినవాడే చీకటి తెచ్చెననుటవంటిది.

రెండవది: అనుమానమున్నయెడల ఇద్దరమును కలిసి మరుసటి దినమే కేంద్రమునకు పోవుదుము. మార్కు మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠరోగిని ముట్టి బాగుచేసిన తరువాత కూడ, యాజకునికి కనుపరచుకొమ్మని పంపెను. విశ్వాసమునకు పరీక్ష విరోధము కాదు. "ప్రార్థించితిమి గనుక పరీక్ష ఎందుకు, మందెందుకు" అనువారు ఈ భాగమును మరల చదువవలెను. మన తెలంగాణలోనే నిజామాబాదు ప్రాంతపు డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, ఆమె భర్తయు కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించి, ఊరివారు వెలివేసినవారిని చేర్చుకొనిరి. ప్రార్థనయు మందును ఒకే కప్పుక్రింద ఉండుట మన సంఘములకు క్రొత్త కాదు.

మూడవది: ఇద్దరి అనుమతి లేక మూడవవారికి చెప్పము. మరియ సంగతి యోసేపుకు ఇంకను అర్థముకాని దినములలోనే, ఆమెను నలుగురిలో అవమానపరచుటకు అతనికి మనసు రాలేదు. ఆ కారణముననే మత్తయి అతనిని నీతిమంతుడని పిలిచెను. గుట్టు కాపాడుట నీతిలో భాగము. దేశ చట్టమును అట్లే చెప్పుచున్నది. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము ఒకరి అనుమతి లేకుండ పరీక్ష చేయరాదు, ఫలితమును బయటపెట్టరాదు, జబ్బు ఉన్నదని ఉద్యోగమునుండి, బడినుండి, వైద్యమునుండి త్రోసివేయరాదు.

7. బలవంతము కూడదు

ఒక హెచ్చరిక వ్రాయక మానలేము. కిట్టు మంచి పనిముట్టే గాని చెడ్డ చేతిలో కర్రయగును. భర్త భార్యను కూర్చుండబెట్టి "నీవు చేసికో, చూచెదను" అనుట ప్రేమ కాదు. అత్తమామలు కోడలిని బలవంతపెట్టుట అధర్మము. పరీక్షింపగోరు భర్త ముందుగా తన చిగురునే తుడువవలెను. సంఘమునకు శిరస్సైన క్రీస్తు తన్ను తాను అప్పగించుకొనుటలో ముందుండెను. భర్త శిరస్సనిపించుకొనగోరినయెడల ఇందులో ముందుండవలెను.

భర్త కొట్టునను భయమున్న సహోదరీ, ఇంటిలో ఈ పరీక్ష పెట్టుకొనకుము. నీవు ఒక్కతెవే కేంద్రమునకు పోయి సలహాదారుతో మాట్లాడుము. ఎట్లు చెప్పవలెనో, ఎప్పుడు చెప్పవలెనో వారు నీతో ఆలోచింతురు. ఆపద వచ్చినచో 181 అను స్త్రీల సహాయ నంబరు ఉన్నది. ఓర్చుకొనుమని మేము నీకు చెప్పము. ఒకసారి మౌనముగా ఉండి నేర్చుకొంటిమి.

సంఘపెద్దలకును ఒక మాట. ఎవరి ఫలితమును మనకు చూపనక్కరలేదు, మనము అడుగరాదు. చెప్పుకొనవచ్చినవారి మాట మనతోనే సమాధి కావలెను. ప్రభు బల్లయొద్ద, ప్రేమవిందులో, స్త్రీల కూటములో జబ్బు ఉన్నవారికి వేరు గ్లాసు, వేరు చాప వేయువారు, ప్రభువు చేయి చాపి ముట్టినవానినుండి తమ చేయి వెనుకకు తీసికొనుచున్నారు. కలిసి తినుటవలన, కౌగిలించుకొనుటవలన, ఒకే గ్లాసున త్రాగుటవలన ఇది సోకదు.

ఇతరులకు చెప్పి మేము ఊరకుండుట తగదని, మా సతీమణియు మేమును ప్రభుత్వ ఆసుపత్రికి పోయి పరీక్షించుకొంటిమి. బల్లమీద కూర్చుండగా ఎరిగినవారు ఒకరిద్దరు చూచి, "అయ్యగారూ, మీరు కూడానా?" అనిరి. ఔనంటిమి. భయపడుటకు ఏ కారణమును లేకున్నను, ఫలితము వచ్చువరకు మా అరచేతులు చెమర్చినవి. అంతసేపును ఆమె మా చేయి విడువలేదు. ఒంటరిగా ఆ బల్లమీద కూర్చుండిన ఆ సహోదరి ఆ దినమున మాకు జ్ఞాపకము వచ్చినది.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. అననీయ సప్పీరాల ఏకమనస్సునకును, అకుల ప్రిస్కిల్లల ఏకమనస్సునకును భేదమేమి?
2. యోసేపు నీతి ఏ పనిలో కనబడెను? మన ఊరిలో ఒకరి జబ్బు సంగతి మన చెవిన పడినప్పుడు మనమేమి చేయుచున్నాము?
3. ప్రభువు బాగుచేసిన రోగిని యాజకునియొద్దకు ఎందుకు పంపెను?
4. మీరు దంపతులైతే, పై మూడు ఒప్పందములలో మీ ఇంట ఏది కష్టము? ఈ రాత్రి దానిని గూర్చి మాట్లాడుకొనగలరా?

ప్రార్థన

ప్రభువా, మా ఇండ్లలో మేము మూసియుంచిన గదులు నీకు తెలియును. ఒకరినొకరము నిందించుకొను నాలుకను ఆపుము. కలిసి తెలిసికొను ధైర్యమును, తెలిసిన తరువాత చేయి విడువని ప్రేమను మాకు దయచేయుము. మందు మ్రింగుచున్న నీ బిడ్డలను బలపరచుము. వారిని దూరముగా కూర్చుండబెట్టిన మమ్మును క్షమించుము. ఆమేన్.